రెండో మనిషి

కృపమ్మ ఆ తెల్లచొక్కాను బకెట్లో ముంచి, పైనుంచి అరచేత్తో గట్టిగా ఒక్క ఒత్తు ఒత్తింది. ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించిన చొక్కా అది. మోషే స్నానం చేసి బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"నా అంగి ఏదే?"

"ఉతుకుతున్న."

"ఉతికిన అంగిని మళ్ల ఉతుకుతరా?"

"మరక కనవడ్డది."

ఏ మరక, ఎక్కడ అని ఆయన అడగలేదు. ముప్పయ్యయిదేళ్ల కాపురంలో ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తుందో ఆయనకు బాగానే తెలుసు. అల్మారా తెరిచి, చర్చికి వేసుకునే గళ్లచొక్కా కోసం వెతికాడు. అది కూడా అదే బకెట్లో, తెల్లచొక్కా కింద ఉంది.

"లేబర్ ఆఫీసుకు అంగి లేకుండనే పో. మీ యూనియనోళ్లకు నడుస్తది," అంది కృపమ్మ.

మోషే కొడుకు గదిలోకి వెళ్లి, కొడుకు చొక్కా ఒకటి తొడుక్కుని వచ్చాడు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. దాన్ని అలాగే వదిలేసి చేతిసంచి అడ్డం పెట్టుకున్నాడు.

వంటగదిలో నిలబడి చూస్తున్న కూతురు స్టెల్లాకు ఇంకో రోజయితే నవ్వు వచ్చేది. ఇవాళ మాత్రం పొయ్యి మీది చాయ్ పొంగి కారుతున్నా చెయ్యి కదల్లేదు. బుధవారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇవాళ శుక్రవారం. మాటలు మొదలయ్యాయంటే అవి ఎక్కడికి పోతాయో ఆమెకు తెలుసు.

జరిగింది చిన్న సంగతి కాదు. నానక్‌రామ్‌గూడలో ఆ అద్దాల కంపెనీ మూడో అంతస్తులో 'గోదావరి' అని పేరు పెట్టిన మీటింగు గది ఉంది. సోమవారం నుంచి మూడు రోజుల పాటు అందులోకి నలభై మందిని ఒక్కొక్కరినే పిలిచారు. ఫోన్లు బయట బుట్టలో పెట్టించారు. వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నానని, ఎవరి మెయిల్ నుంచి వాళ్ల చేతనే రాయించారు. రాయకపోతే కంపెనీయే తీసేస్తుందని, ఆ మాట రికార్డులో పడితే ఇంకో కంపెనీ గడప తొక్కలేరని మెల్లగా, మర్యాదగా నచ్చజెప్పారు. ముప్పైతొమ్మిది మంది రాసి లేచి వెళ్లిపోయారు. రాయనని మొండికేసింది మోషే కొడుకు ఇమ్మాన్యుయేల్ ఒక్కడే.

ఆ గదిలో బల్లకు ఇవతల కూర్చుని అంత మర్యాదగానూ నచ్చజెప్పిన మనుషుల్లో అతని అక్క స్టెల్లా ఒకతె. ఆమె ఉద్యోగమే అది. తమ్ముడి వంతు వచ్చినప్పుడు మాత్రం తలనొప్పి అని లేచి, వాష్‌రూమ్‌లో కొళాయి తిప్పుకుని నిలబడింది. నీళ్ల చప్పుడులో గోడ అవతలి మాట వినపడదని.

"పదకొండు గంటలకు పిలిచిన్రు," అన్నాడు మోషే, ఎవరూ అడక్కపోయినా. "కంపెనీ తరఫు మనిషి ఒక దిక్కు, మనం ఒక దిక్కు కూసుంటం. ఆఫీసరు ఇద్దరి మాట వింటడు. ఐటీ పిల్లల యూనియన్ నుంచి వీరేశం వస్తున్నడు. దీంట్ల తప్పేమున్నదో చెప్పు."

"తప్పేం లేదు. అన్నమే లేదు." కృపమ్మ బకెట్లోంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "బాలానగర్ల గేటు కాడ టెంటు కింద కూసొని పద్నాలుగు నెలలు నువ్వు చెప్పిన మాట గిదే. నేను బడిల ఆయా పనికి పోయి మంది పిల్లల ముక్కులు తుడిచిన. నీ పిల్లల ముక్కు తుడిచెటందుకు ఇంట్ల మనిషి లేదు."

"ఆ ఫ్యాక్టరీ యూనియన్ తోని మూతపడలే కృపా. మనం చేసే సామానే బయటి దేశం నుంచి అగ్గువకు వచ్చుడు షురువయింది. ఓనరుకు ఆ జాగ అమ్ముకునుడే లాభమైంది."

"ఎట్ల పడితేనేంది? పడ్డదా లేదా?" ఆమె గొంతు ఒక్కసారి తగ్గింది. తగ్గినప్పుడే ఆమె మాట ఎక్కువ గుచ్చుకుంటుంది. "ఆఖరి రోజు మేనేజరు నిన్ను లోపటికి పిలిచినప్పుడు నీ ఎంబడి ఎవడొచ్చిండు? అంతమందిల ఒక్కడన్న వచ్చిండా?"

మోషే తలెత్తలేదు. చేతిసంచి జిప్పు తెరిచాడు, మూశాడు. కొడుకు గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నుంచి ఏ అలికిడీ లేదు.

అప్పుడే స్టెల్లా ఫోన్ మోగింది. పేరు చూసి, పొయ్యి ఆర్పి, వంటగది వెనక బట్టలారేసే చోటుకు వెళ్లింది.

"గుడ్ మార్నింగ్ స్టెల్లా గారూ. టిఫిన్ అయిందా అండి?"

హెచ్ఆర్ మేనేజరు శేఖర్ ఎవరితోనైనా ముందు ఆ మాటే అడుగుతాడు. గోదావరి గదిలో కూడా మనిషి వచ్చి కూర్చోగానే టిఫిన్ చేశారా అనే మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో ఆ ప్రశ్నకు లేదు అన్నవాళ్లు ఇద్దరే.

"అయింది సార్."

"ఇవాళ లేబర్ ఆఫీసుకి నేనే వెళ్తున్నానండి. అంతకుముందే మీ తమ్ముడి మెయిల్ వచ్చేస్తే అక్కడ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. క్లయింటు వాళ్లకి నలభై అని మాటిచ్చాం, ముప్పైతొమ్మిది దగ్గర ఆగింది. చిన్న నంబరేనండి, కానీ వాళ్లు రోజూ అడుగుతున్నారు. అతని మెయిల్ ఒక్కటే ఇంకా తెరిచి ఉంచాం, ఆ ఒక్క ఉత్తరం కోసం. ఫోన్లోంచి పంపినా చాలు."

"వాడు వినట్లేదు సార్."

"అక్క మాట వినకపోతే ఎవరి మాట వింటాడండి? మీరు రిఫర్ చేస్తేనే కదా వచ్చాడు. రేపు పైవాళ్లు, ఎవరి రిఫరల్ ఇది అని అడిగితే, మన టీమ్‌లో అమ్మాయిదే అని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీ గురించేనండి నా బెంగ. అన్నట్టు, ఆ షీటు మీ దగ్గరే ఉంది కదా?"

"ఉంది సార్."

"నలభయ్యో టిక్కు పడగానే చింపెయ్యండి. పడే దాకా ఉంచండి. సగం పని చేసి చింపకూడదు."

వెనక్కి తిరిగితే తమ్ముడి గది కిటికీ ఆ వసారాలోకే ఉంది. కర్టెన్ కొద్దిగా కదిలింది. గాలికి అనుకుంది స్టెల్లా.

ఆ షీటు ఆమె టిఫిన్ సంచిలో, స్టీలు డబ్బా కింద ఉంది. కాగితం వాడం అని గోడలనిండా రాసుకున్న కంపెనీ అది. సెలవు చీటీ నుంచి చాయ్ దాకా అన్నీ కార్డు మీదా ఫోన్ మీదా నడుస్తాయి. అలాంటి చోట శేఖర్ గారు ఒక్క కాగితాన్ని ప్రింటు తీసి ఆమె చేతికిచ్చారు. కంప్యూటర్లో ఏది చేసినా జాడ మిగులుతుందని ఆయన భయం. నలభై పేర్లు, పక్కన గది, పక్కన పిలవాల్సిన సమయం. మెయిల్ వచ్చినట్టు తెలియగానే పెన్నుతో టిక్కు పెట్టి, ఎన్ని గంటలకు వచ్చిందో రాయడం స్టెల్లా పని. ఆయన మళ్లీ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

అంత జాగ్రత్తపరుడూ ఒకటి మరిచాడు. ప్రింటరు పేజీ అడుగున తనంతట తానే తేదీ వేస్తుంది. ఆ కాగితం కింద, చీమంత అక్షరాల్లో, అంతకుముందటి శుక్రవారం తేదీ ఉంది. ఎవరికి వాళ్లు సొంత కారణాలతో మానేశారని కంపెనీ చెప్తున్న నలభై మంది పేర్లూ, వాళ్లకు ఆ కారణాలు పుట్టడానికి మూడు రోజుల ముందే ఆ కాగితం మీద వరుసగా ఉన్నాయి.

స్టెల్లాకు ఈ సంగతి బుధవారమే కనబడింది. కనబడిన దగ్గర్నుంచి ఆమెకు తిండి సయించలేదు.

మోషే చెప్పులు వేసుకుంటున్నాడు. ఇమ్మాన్యుయేల్ గుమ్మం దాకా వచ్చి, గడ్డం గీసుకోని మొహంతో నిలబడ్డాడు.

"నువ్వు ముందు పో నాయినా. నేను బండి మీద ఎనకనే వస్త."

"ఇద్దరం కలిసే పోదాం రా."

"స్నానం చెయ్యాలె. నువ్వు పో."

కొడుకు మొహంలోకి మోషే రెండు క్షణాలు చూశాడు. "పదిన్నరకల్ల ఉండాలె. దరఖాస్తు నీ పేరు మీద ఉన్నది. మెయిల్ పంపినోళ్లకు భయం, రిలీవింగ్ లెటరు ఆపుతరని. ఒక్కడు సంతకం పెడ్తలేడు. పంపనోనివి నువ్వొక్కనివే. నువ్వు లేకుంటె ఆడ కథే లేదు."

"వస్త అన్న గదా."

తండ్రి వెనకే స్టెల్లా కూడా బయటికి వచ్చింది, టిఫిన్ సంచి పట్టుకుని. అయిదో అంతస్తు. లిఫ్టు ఎక్కడో కింద ఆగి ఉంది. నల్లగండ్లలో ఆ వేళకు ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు ఆఫీసుకు బయల్దేరుతుంటారు.

"నాయినా, ఒక మాట అడుగుత. కోపానికి రాకు."

"అడుగు బిడ్డా."

"మీకైతె గేటు ఉండె. గేటు కాడ కూసుంటె లోపల పని ఆగుతుండె. మాకు గేటేది? నలభై మందిని తియ్యమని ఏ దేశంలనో కూసున్నోడు ఒక్క లైను రాస్తె ఈడికి వచ్చింది. మేం లొల్లి చేస్తె ఆ పని రేపు మనీలాకు పోతది, లేకుంటె పోలండుకు పోతది. మా టీమ్‌ల సగం మంది ఒకరి మొఖం ఒకరు చూడనోళ్లు. ఇసుంటి కాడ యూనియన్ పెట్టి ఏం జేస్తరు? ఎవరి ముంగట కూసుంటరు?"

మోషే లిఫ్టు అంకెలవంక చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు కోపం రాలేదు. ఈ ప్రశ్న ఆయన తనను తాను చాలాసార్లు అడుక్కున్నట్టే ఉంది.

"గేటు లేదంటవు. మీరు పిలిచిన ఆ గదికి తలుపన్న ఉన్నదా?"

"ఉన్నది."

"ఒక్కపారి ఎంతమందిని పంపిన్రు లోపటికి?"

"ఒక్కొక్కరినే."

"ఎందుకు? నలభై మందిని ఒక్కతాన కూసుండబెట్టి చెప్తె గంటల అయిపోతుండె. అంత తొందర పనికి మూడు దినాలు ఎందుకు పెట్టుకున్నరు?"

స్టెల్లాకు జవాబు తెలుసు. ఒక్కొక్కరినే పిలవాలి, బయట ఇద్దరు కలిసి కూర్చోకుండా చూడాలి అన్నది శేఖర్ గారు ఇచ్చిన సూచనల్లో మొట్టమొదటిది.

"మా దగ్గర ఒక కట్టు ఉండె," అన్నాడు మోషే. "మేనేజరు పిలిస్తె ఒక్కడు పోవద్దు. చాయ్ తాగుదాం రా అని పిలిచినా సరే, ఎంబడి రెండో మనిషి పోవాలె. రెండోడు మాట్లాడాల్నని లేదు. ఊకె నిలబడాలె. ఎదుటోడు ఏమన్నడో ఇనాలె. గంతే. మనిషి ఒక్కడు ఉన్నప్పుడు అనే మాట ఇంకోడు ఇంటుంటె అననీకి నోరు రాదు. యూనియన్ అంటె నాకు తెలిసింది గదొక్కటే. మిగిలిన జెండాలు, చందాలు, ఉపన్యాసాలు అన్ని దాని మీద వేసిన సింగారం. మీ క్లయింటు చంద్రుని మీద ఉండని, తలుపు ఈడనే ఉన్నది గదా."

"మరి ఆఖరి రోజు?" అంది స్టెల్లా. అడగకుండా ఉండాల్సింది అని అప్పుడే అనుకుంది.

"ఆఖరి రోజుకు రెండో మనిషి మిగలలే."

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. స్టెల్లా టిఫిన్ సంచిలో చెయ్యి పెట్టి, డబ్బా కింది నుంచి నాలుగు మడతల కాగితం తీసి తండ్రికిచ్చింది. లిఫ్టు తలుపులు మూసుకుని ఖాళీగా కిందికి పోయింది.

మోషే కళ్లద్దాలు పెట్టుకుని కాగితం విప్పాడు. చాలాసేపు చదివాడు. పేర్ల పక్కన టిక్కులు, టిక్కుల పక్కన గుండ్రటి అంకెలు. ఆ చేతిరాత ఆయనకు పలక మీద నుంచీ తెలుసు. అన్నిటికన్నా కింద కొడుకు పేరు, పక్కన ఖాళీ.

"ఇవన్ని నువ్వే పెట్టినవా?"

"నేనే."

ఆయన పేర్ల మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. ఒక్క తిట్టు తిట్టినా ఆమెకు బాగుండేది. పన్నెండో పేరు సాయిచంద్. తొమ్మిదేళ్ల ఉద్యోగం. మెయిల్ పంపాక కుర్చీని బల్ల కిందికి సర్ది, థాంక్యూ మేడమ్ అని చెప్పి వెళ్లాడు. ఎందుకు చెప్పాడో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు. తండ్రి వేలు సరిగ్గా ఆ పేరు దగ్గరే ఆగినట్టనిపించి మొహం తిప్పుకుంది. తన మీద తనకు ఇంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

"అడుగున తేదీ చూడు నాయినా."

చూశాడు.

"ఇది బయటికొస్తె నీ నౌకరి?"

"పోతది. దొంగతనం కేసు గూడ పెడతరేమో."

"మరెందుకిస్తున్నవ్?"

"చింపుదామంటె చెయ్యి రాలే. నీ దగ్గరుంటే నేను చింపలేను గదా." ఆమె సంచి మూసింది. "నా పేరు మాత్రం చెప్పకు."

"నేనెందుకు చెప్త బిడ్డా. దొరికింది అని అంట." కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, గుండీ పట్టని చొక్కా లోపలికి, బనియన్ జేబులోకి తోశాడు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, అయిదంతస్తులూ.

స్టెల్లా లోపలికి వచ్చేసరికి గుండెల మీది బరువు సగం దిగినట్టుంది. తమ్ముడికి ముందు ఈ మాట చెప్పాలి. నువ్వు గట్టిగా నిలబడు, నేను కూడా ఉన్నా అని చెప్పాలి. రెండు రోజులుగా వాడు తన మొహం చూడలేదు. ఇప్పుడు చూస్తాడు.

ఇమ్మాన్యుయేల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్నానం చెయ్యలేదు. ఒళ్లో హెల్మెట్.

"లెవ్వు, టైమైతుంది. నీతోని ఒక మాట..."

"పంపేసిన అక్కా."

"ఏంది?"

"మెయిల్. పంపేసిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"శేఖర్ సార్ నీతోని మాట్లాడింది ఇన్న. నీ రిఫరల్ అన్నడు గదా. నా నౌకరి ఎట్లయినా పోతది. నాతోని నీది గూడ ఎందుకు పోవాలె? ఇగ ఇల్లు నీ మీదనే నడవాలె." అక్క మొహం చూసి, "నాయినకు సాయంత్రం నేనే చెప్త. తిడితే తిట్టనీ," అన్నాడు.

"ఎప్పుడు పంపినవ్?"

"నువ్వు లిఫ్టు కాడికి పోంగనే."

"కాగితం నాయినకు ఇచ్చిన ఇమ్మానూ." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నలభై పేర్లున్న కాగితం. టిక్కులన్నీ నా చేతివే. నీ కోసమే ఇచ్చిన. నువ్వు ఆడ నిలబడ్తవని ఇచ్చిన."

ఇమ్మాన్యుయేల్ దిగ్గున లేచాడు. హెల్మెట్ దొర్లి గోడకు కొట్టుకుంది. పంపిన మెయిల్‌ను వెనక్కి లాగుదామని ఫోన్ తీశాడు. మూడుసార్లు పాస్‌వర్డ్ కొట్టాడు. మూడుసార్లూ, అలాంటి పేరుతో ఎవరూ లేరని వచ్చింది. రెండు రోజులు తెరిచి ఉంచిన తలుపు, ఉత్తరం అందగానే అయిదు నిమిషాల్లో మూసేశారు.

తండ్రికి ఫోన్ చేశారు. మోగింది, తియ్యలేదు. మళ్లీ చేస్తే ఆగిపోయి ఉంది. సర్కారు ఆఫీసుల్లో ఫోన్ మోగితే బాగుండదని ఆయన బస్సెక్కగానే ఫోన్ ఆపేస్తాడు, ఎప్పటి అలవాటో.

"నేను పోయి పట్టుకుంట. ఆ కాగితం బయటికి తియ్యకముందే పట్టుకుంట," అంటూ ఇమ్మాన్యుయేల్ చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరుగెత్తాడు. కింద బండి స్టార్టయిన చప్పుడు అయిదో అంతస్తు దాకా వినిపించింది.

కృపమ్మ గది బయట నిలబడి ఉంది, చేతుల్లోంచి నీళ్లు కారుతూ. ఎంత సేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"కాగితం ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"నన్ను అడిగినవా?"

స్టెల్లా తల వంచుకుంది. కృపమ్మ వెళ్లి బకెట్లోని చొక్కాలు ఒక్కొక్కటే పిండింది. తెల్లచొక్కాను రెండుసార్లు దులిపి తీగ మీద ఆరేసింది. కాలర్ సరిచేసింది. ఏ మరకా లేని ఆ చొక్కా ముందు చాలాసేపు అలాగే నిలబడింది.

పదకొండు దాటింది. పదకొండున్నర అయింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ హాల్లో చెరో మూల కూర్చున్నారు. కృపమ్మ నోట్లో ప్రార్థన మెల్లగా నలుగుతోంది, మధ్యలో ఆగిపోతోంది.

పావు తక్కువ పన్నెండుకు ఫోన్ మోగింది. మోషే గొంతు బాగా తగ్గి ఉంది. వరండాలోకి వచ్చి మాట్లాడుతున్నట్టున్నాడు.

"దరఖాస్తు పెట్టినోడు ఏడి అని ఆఫీసరు అడిగిండు బిడ్డా. వస్తున్నడని చెప్పిన. మీ శేఖర్ ఫోన్ తీసి తమ్ముని మెయిల్ చూపిచ్చిండు. సొంత కారణాలతోని మానుకుంటున్న అని రాసి ఉన్నది. నాకు ఎవ్వలు చెప్పలే."

"నాయినా, కాగితం..."

"అప్పటికే బల్ల మీద పెట్టిన."

స్టెల్లా కళ్లు మూసుకుంది.

"మీ శేఖర్ మస్తు సేపు చూసిండు దాన్ని. మా కంపెనీల కాగితాలే ఉండయి, ఇది ఎవడో ఇంట్ల కూసొని టైపు కొట్టి టిక్కులు పెట్టిండు అన్నడు. ఆఫీసరు మంచిగనే ఉన్నడు. ఇది ఏడికెల్లి వచ్చింది, ఎవరు రాసిన్రు అని చెప్పెటోళ్లు ఉంటె తీసుకుంట, లేకుంటె దీనికి విలువ లేదు అన్నడు. ఒంటిగంట దాక టైమిచ్చిండు. వీరేశం బయటకొచ్చి ముగ్గురికి ఫోన్ చేసిండు, మెయిల్ పంపినోళ్లకు. నిజంగ కాగితం ఉన్నదా అని ముగ్గురు అదే అడిగిన్రంట. అది నిలబడితె మేం గూడ సంతకం పెడ్తం అన్నరంట, ఆ సాయిచంద్ అనే పిల్లగాడు గూడ."

"నువ్వేం చెప్పినవ్?"

"దొరికింది అన్న. ఏడ దొరికింది అంటె బస్సుల అన్న." ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఇచ్చినోళ్ల పేరు చెప్పమని వీరేశం బతిమాలిండు. నేను చెప్పలే. చెప్ప గూడ. నువ్వు ఇంట్లనే ఉండు బిడ్డా. ఇమ్మాను ఇప్పుడే ఫోన్ చేసిండు, బండి తొవ్వల చెడిపోయిందంట, బస్సుల వస్తున్నడంట. వాడు రాంగనే ఇద్దరం ఇంటికొస్తం."

ఫోన్ పెట్టీ పెట్టకముందే మెసేజ్ వచ్చింది. శేఖర్ గారు పంపింది.

'స్టెల్లా గారూ, ఆ రాత ఎవరిదో నాకు తెలియదని చెప్పానండి. మీరు ఈ రోజు ఇంట్లోనే విశ్రాంతి తీసుకోండి. సోమవారం పది గంటలకి గోదావరిలో కలుద్దాం. ఒక్కరే రండి.'

ఆఖరి మాటను స్టెల్లా రెండుసార్లు చదివింది. ఆ మూడు రోజులూ నలభై మందికి ఈ మెసేజ్ పంపింది తనే. మాటలు కూడా ఇవే. అప్పుడు ఒక్కసారి కూడా ఇందులో భయపడాల్సింది ఉందని తోచలేదు.

లేచి మొహం కడుక్కుంది. కంపెనీ గుర్తింపు కార్డు తీసి సంచిలో వేసుకుంది. ఆ రాత తనదేనని చూపించడానికి పాత నోట్‌బుక్ ఒకటి కూడా పెట్టుకుంది.

గుమ్మంలో కృపమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"అమ్మా, జరుగు."

"పోతె ఏమైతదో ఎరికేనా?"

"ఎరికే."

"నీ నౌకరి పోతది. మీ తమ్మునిది పొద్దుగాలనే పోయింది. ఆదివారం చర్చిల అందరు అడుగుతరు. మళ్ల నేను ఆయాగ పోనీకి నాకు వయసు గూడ లేదు."

"తెలుసమ్మా."

కృపమ్మ జరగలేదు. ద్వారబంధం మీద ఒక చెయ్యి, తడి ఇంకా ఆరని రెండో చెయ్యి నడుం మీద. కూతురి వంక చూడకుండానే మాట్లాడింది.

"ఆ పొద్దు మీ నాయిన లోపటికి పోతుంటె నేను టెంటు కాడనే ఉన్న. చేతిల సద్దిగిన్నె. ఎంబడి ఎవరన్న లేస్తరేమోనని అటు చూసిన, ఇటు చూసిన. అందరు నేల దిక్కే చూస్తున్నరు. మీ నాయిన ఒక్కపారి ఎనకకు తిరిగి చూసిండు. నా దిక్కు గాదు, ఆళ్ల దిక్కు. మళ్ల తలుపు మూసుకున్నది. నేను పోవచ్చు అప్పుడు. ఆడదాన్ని, నాకేం పని లోపట అనుకున్న. ఇన్నేండ్ల సంది మీ నాయిన్ని అంటనే ఉన్న, నీ ఎంబడి ఎవడొచ్చిండు అని."

తల్లి తిట్టింది తండ్రినే అని ఇన్నేళ్లూ స్టెల్లా అనుకుంది.

కృపమ్మ ద్వారబంధం మీది చెయ్యి తీసి, మొదటిసారి కూతురి మొహంలోకి చూసింది.

"ఒక్కదానివే పోతవా?"

జవాబు కోసం ఆగకుండానే ఆమె వంగి, గోడ వారగా ఉన్న చెప్పుల్లో తనవి వెతుక్కోవడం మొదలుపెట్టింది. గోడ గడియారంలో పన్నెండుంబావు అయింది. నల్లగండ్ల నుంచి ఆ ఆఫీసుకు గంటకు తక్కువ పట్టదు.